ఉపగ్రహానికి ఆకు కనిపిస్తుంది, కాయ కనిపించదు



మన పత్రికలో ప్రతినెలా విత్తనాల గురించి, గిట్టుబాటు ధర గురించి, అప్పుల గురించి రాస్తుంటాం. ఈ నెల అంతరిక్ష పరిశోధన గురించి రాస్తున్నాం. విశ్వవిద్యాలయాల్లో ఆ పరిశోధనకు ప్రభుత్వం విరివిగా నిధులు ఇవ్వాలని రైతు సంఘం ఎందుకు అడగాలో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ మాట సమావేశంలో అన్నప్పుడు కొందరు నవ్వారు. "బోర్లలో నీళ్లు లేక మేము చస్తుంటే మీరు చందమామ మీద రాస్తారా నాయనా" అని ఒక పెద్దాయన అడిగారు. ఆయన ప్రశ్న న్యాయమైనదే. అందుకే ముందు మా పొలాల్లో జరిగిన సంగతి చెప్పి, ఆ తర్వాత ఆకాశం సంగతికి వస్తాం.

కొన్నేళ్ల కిందటి ఖరీఫ్. జూలైలో పదును వాన పడింది. ఇంట్లో ఉన్న కాస్త బంగారం కుదువపెట్టి విత్తనకాయలు తెచ్చి వేరుశనగ వేశాం. మొలక బాగుంది, పూత బాగుంది. సరిగ్గా ఊడలు దిగే సమయానికి వాన ముఖం చాటేసింది. ముప్పై ఎనిమిది రోజులు చుక్క రాలలేదు. ఎర్రనేల పైన రాయిలా బిగుసుకుంది. ఊడ లోపలికి దిగలేక పైనే ఎండింది. సెప్టెంబరు చివర రెండు వానలు పడ్డాయి. చెట్టు మళ్లీ చిగిర్చింది. గట్ల మీద సర్కారు కంప కూడా ఏపుగా పెరిగింది. బస్సులో పోతూ చూసినవాళ్లు ఈసారి పంట బాగుందే అన్నారు. పీకి చూస్తే చెట్టుకు రెండు మూడు కాయలు, వాటిలోనూ ఒకటి లొట్ట.

కరువు మండలాల జాబితా వచ్చింది. అందులో మా మండలం లేదు. వినతిపత్రం రాసుకుని పదిమందిమి కలిసి వెళ్లాం. అక్కడున్న అధికారి మర్యాదగానే కూర్చోబెట్టారు. కంప్యూటరు మా వైపు తిప్పి పటం చూపించారు. మా మండలం పచ్చగా ఉంది. "ఉపగ్రహం లెక్క ప్రకారం మీ దగ్గర పచ్చదనం మామూలుగానే ఉందండీ" అన్నారు. మేము సంచిలో తీసుకెళ్లిన వేరుశనగ చెట్లు ఆయన బల్ల మీద పెట్టాం. "సార్, ఉపగ్రహానికి ఆకు కనిపిస్తుంది, కాయ కనిపించదు" అన్నాం. ఆయన ఆ చెట్లను తిరగేసి చూశారు. "మీరు చెప్పేది నిజమే. కానీ దీన్ని ఏ కాలమ్‌లో రాయాలో నాకు తెలియదు" అన్నారు.

ఆ మాట మమ్మల్ని ఇప్పటికీ వదల్లేదు. ఆ అధికారిని మేము తప్పుపట్టడం లేదు. ఆకు పచ్చగా ఉండి కాయ లేని పంటను లెక్కలోకి తెచ్చే పద్ధతి ఆయన చేతిలో లేదు. ఆ పద్ధతి కనిపెట్టవలసింది పరిశోధకులు. వాళ్లకు జీతం, పరికరం, సమయం ఇవ్వవలసింది ప్రభుత్వం. ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఇంతే, మిగిలినదంతా దీనికి వివరణ.

తీర్పు ఆకాశం నుంచి వస్తోంది

మన పంటను పైనుంచి కొలవడం ఎప్పుడో మొదలైంది. కేంద్రం 2016లో ఇచ్చిన కరువు మాన్యువల్ ప్రకారం ముందు వర్షపాతం లోటును, వానల మధ్య విరామాన్ని చూస్తారు. ఆ తర్వాత సాగైన విస్తీర్ణం, ఉపగ్రహం చూపే పచ్చదనం, నేలలో తేమ, భూగర్భజలం, జలాశయాల్లో నీరు లెక్కలోకి వస్తాయి. పొలానికి వచ్చి చూడడం కూడా నిబంధనల్లో ఉంది. కానీ ముందు అంకెల్లో గట్టెక్కితేనే ఆ దశకు చేరుకుంటాం.

బీమా కూడా అదే దారి పట్టింది. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో 2023 ఖరీఫ్ నుంచి వరికి, గోధుమకు దిగుబడి లెక్కలో కనీసం వందకు ముప్పై పాళ్లు ఉపగ్రహం, ఇతర సాంకేతిక పద్ధతుల అంచనాకే ఇస్తున్నారు. మిగిలినది పంట కోత ప్రయోగాల లెక్క. రేపు మిగతా పంటలకూ ఇది వస్తుంది. ఉత్తరాదిలో వరి కొయ్యలు తగలబెట్టిన పొలాలను కూడా ఉపగ్రహాలే పట్టిస్తున్నాయి. 2024 నవంబరులో ఢిల్లీ చుట్టుపక్కల ప్రాంతానికి ఆ జరిమానాను రెట్టింపు చేశారు. అయిదెకరాలు దాటిన రైతుకు 30,000 రూపాయలు.

మేము ఉపగ్రహాలకు వ్యతిరేకం కాము. పంట కోత ప్రయోగాల్లో జరిగే అవకతవకలు మనకు తెలియనివి కావు. ఊళ్లో ఎవరి పొలంలో కోత కోయాలో ఎవరు నిర్ణయిస్తారో, ఎవరి మాట చెల్లుతుందో అందరం చూశాం. పైనుంచి చూసే కన్నుకు కులం, పార్టీ తెలియవు. అది మంచిదే. అయితే ఆ కన్ను చూసినదాన్ని చదివే విద్య ఎవరి దగ్గర ఉంది? మా జొన్న, మా కొర్ర, ఏడు సాళ్ల వేరుశనగకు ఒక సాలు కంది వేసే మా పద్ధతి ఆ విద్యకు తెలుసా? మా వేదన అక్కడ ఉంది.

ఇది మనకు పరాయి శాస్త్రం కాదు

మన దేశంలో దూరం నుంచి ఫొటో తీసి పంటను పరిశీలించడం కొబ్బరి చెట్లతో మొదలైంది. 1970లో కేరళలో కొబ్బరికి వేరు సంబంధమైన తెగులు పట్టింది. అహ్మదాబాదులోని భౌతిక పరిశోధనాలయంలో పనిచేస్తున్న పిషరోటి అనే వాతావరణ శాస్త్రవేత్త హెలికాప్టరులో నుంచి పరారుణ ఫిల్ముతో ఆ తోటలను ఫొటోలు తీయించారు. పరారుణం అంటే మన కంటికి కనిపించని వెలుగు. ఆరోగ్యంగా ఉన్న ఆకు ఆ వెలుగును బాగా తిప్పి పంపుతుంది, జబ్బుపడిన ఆకు తక్కువగా పంపుతుంది. అందుకే కింద నిలబడి చూసే మనిషి కంటే ముందే ఆ ఫిల్ము చెట్టు జబ్బును పట్టగలదు. ఆ రకం ఫిల్మును మొదట యుద్ధంలో కొమ్మలు కప్పి దాచిన శకటాలను గుర్తుపట్టడానికి వాడారు. అది కొబ్బరి రైతుకు పనికొస్తుందని దాన్ని తయారుచేసినవాళ్లు అనుకుని ఉండరు.

ఆ తర్వాతి అడుగు మన అనంతపురంలోనే పడింది. 1974-75లో ఇస్రో, భారత వ్యవసాయ పరిశోధనా మండలి కలిసి పంటల లెక్క వేసే ప్రయోగానికి రెండు జిల్లాలను ఎంచుకున్నాయి. ఒకటి నీళ్లున్న పంజాబులోని పాటియాలా, రెండోది నీళ్లు లేని అనంతపురం. విమానాల్లో నుంచి ఫొటోలు తీసి, కింద పొలాల్లో నడిచి, రెండూ సరిపోల్చారు. మన సొంత దూరసంవేదన ఉపగ్రహం ఐఆర్ఎస్-1ఏ పైకి వెళ్లింది 1988 మార్చిలో. అంటే ఉపగ్రహం కంటే పదమూడేళ్ల ముందే మన చేలు ఈ శాస్త్రానికి బడిగా ఉపయోగపడ్డాయి. అలాంటి జిల్లాలో అర్ధశతాబ్దం తర్వాత కూడా వేరుశనగ కాయ ఏ కాలమ్‌లో రాయాలో తెలియదంటే ఆ బడిని మధ్యలో వదిలేశారని అర్థం.

అమెరికా మొక్కజొన్న చెప్పే పాఠం

బడిని వదిలెయ్యకుండా నడిపితే ఏమవుతుందో అమెరికాలో చూడొచ్చు. ఇండియానా రాష్ట్రంలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో 1966లో వ్యవసాయ దూరసంవేదన ప్రయోగశాల పెట్టారు. అక్కడి వ్యవసాయ శాఖ, అంతరిక్ష సంస్థ నాసా కలిసి డబ్బు ఇచ్చాయి. అప్పటికి నేలను పరిశీలించే ఉపగ్రహం ఒక్కటీ లేదు. మొదటి ల్యాండ్‌శాట్ పైకి వెళ్లింది 1972 జూలైలో. ఆరేళ్ల ముందు నుంచే ఆచార్యులు, విద్యార్థులు కూర్చుని గోధుమ ఏ రంగులో వెలుగును తిప్పి పంపుతుంది, మొక్కజొన్న ఎలా పంపుతుంది, యంత్రం ఈ రెంటినీ ఎలా విడదీయగలదు అని లెక్కలు కట్టారు.

1970లో అక్కడ మొక్కజొన్నకు ఆకు ఎండు తెగులు వచ్చింది. దేశం మొత్తం పంటలో దాదాపు వందకు పదిహేను పాళ్లు పోయింది. మరుసటి ఏడాది, 1971లో, ఏడు రాష్ట్రాల మొక్కజొన్న చేల మీద విమానాలు తిప్పి తెగులు ఎక్కడ పుట్టింది, ఎటు పాకింది అని సీజనంతా గమనించారు. కింద విస్తరణ సిబ్బంది అవే పొలాల్లో చెట్టు చెట్టూ చూసి రాశారు. ఆ ఫొటోలను చదివిన వాటిలో ఆ విశ్వవిద్యాలయ ప్రయోగశాల ముందుంది. తెగులు వచ్చాక ప్రయోగశాల కట్టడం మొదలుపెట్టి ఉంటే ఆ ఏడాది ఏ పనీ జరిగేది కాదు.

మనకు తెలిసిన మాటల్లో చెప్పాలంటే విశ్వవిద్యాలయ పరిశోధన నారుమడి వంటిది, ఇస్రో నాట్లు వేసే మడి వంటిది. నారుమడికి నీళ్లు పెట్టకుండా నాట్ల రోజున నారు కోసం వెతికితే ఎక్కడ దొరుకుతుంది?

పంటకు పనికొచ్చేదానికే ఇస్తే చాలదా?

మా సంఘంలోనే ఒక వాదన వచ్చింది. పంటలకు సంబంధించిన పరిశోధనకు డబ్బు అడుగుదాం, నక్షత్రాల మీద, సూర్యుడి మీద చేసే పరిశోధన మనకెందుకు అని. మేమూ మొదట అలాగే అనుకున్నాం. చదివిన కొద్దీ మా అభిప్రాయం మారింది.

విక్రమ్ సారాభాయ్ స్వయంగా విశ్వకిరణాల మీద పరిశోధన చేసిన మనిషి. ఆ కిరణాల వల్ల ఏ రైతుకూ బస్తా ధాన్యం పెరగదు. 1947లో ఆయన భౌతిక పరిశోధనాలయాన్ని అహ్మదాబాదులో ఒక కళాశాల గదుల్లో మొదలుపెట్టారు. 1963 నవంబరు 21న కేరళలోని తుంబా అనే జాలర్ల పల్లె నుంచి మొదటి రాకెట్టు ఎగిరింది. అది పైన సోడియం ఆవిరి వదిలింది. ఆ ఆవిరి ఎటు కదిలితే ఎత్తులో గాలి అటు వీస్తోందని తెలుసుకోవడం ఆ ప్రయోగం పని. ఆనాడు అది ఎవరి కడుపూ నింపే పని కాదు. కానీ ఆ గదుల్లో, ఆ పల్లెలో తయారైన మనుషులే తర్వాత ఉపగ్రహాలు కట్టారు.

మన దగ్గరి సంగతే చూడండి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. ప్రభుత్వ లెక్కల్లోనే పదివేల మంది పోయారు. పశువులకైతే లెక్కే లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద విరుచుకుపడింది. చెట్లు, ఇళ్లు, తోటలు పోయాయి గానీ చావులు వేలల్లోకి పోలేదు. తుపాను ఎక్కడ తీరం దాటుతుందో రోజుల ముందే తెలిసింది, లక్షల మందిని తరలించారు. ఈ తేడా వెనక ఇన్సాట్ ఉపగ్రహాలు ఉన్నాయి. ఆ ఉపగ్రహాల బొమ్మను చదవగలిగిన వాతావరణ శాస్త్రమూ ఉంది. వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారు సముద్రం, వాతావరణం, అయనోస్ఫియరు మీద దశాబ్దాల పాటు చేసిన పరిశోధన అలాంటిదే.

తిరుపతికి దగ్గరలో గాదంకి అనే ఊరుంది. అక్కడ 1,024 యాంటెన్నాలు పరిచిన ఒక పెద్ద రాడారు ఉంది. ఆకాశంలో కిలోమీటర్ల ఎత్తున గాలులు ఎలా కదులుతున్నాయో అది చెబుతుంది. దేశంలోని విశ్వవిద్యాలయాల పరిశోధకులు అక్కడికి వచ్చి పనిచేస్తారు. నైరుతి రుతుపవనం ఎందుకు ఆగుతుంది, మళ్లీ ఎప్పుడు కదులుతుంది అన్న ప్రశ్నకు జవాబు అటువంటి చోట్లే దొరకాలి. ఆ ముప్పై ఎనిమిది రోజుల వాన విరామం గురించి విత్తడానికి ముందే గట్టిగా చెప్పగలిగి ఉంటే మేము విత్తనం వేసే తేదీ మార్చుకునేవాళ్లం, లేదా కొర్ర వేసేవాళ్లం. అందుకే నిధులు విస్తృతంగా ఉండాలంటున్నాం. ఏ పరిశోధన రేపు ఏ రైతుకు పనికొస్తుందో ఈ రోజు ఎవరూ చెప్పలేరు.

డబ్బు ఎటు పోతోంది

2025-26 బడ్జెటులో అంతరిక్ష శాఖకు సుమారు 13,400 కోట్లు కేటాయించారు. రాకెట్లకు, ఉపగ్రహాలకు, ప్రయోగ కేంద్రాలకు అది అవసరమే. దేశం మొత్తంగా చూస్తే 2020-21లో వంద రూపాయల జాతీయోత్పత్తిలో పరిశోధనకు ఖర్చయింది 64 పైసలు. అందులో ఉన్నత విద్యాసంస్థల్లో ఖర్చయింది ఆరు పైసల లోపు. శాస్త్రవేత్త తయారయ్యేది విశ్వవిద్యాలయంలో, డబ్బు మాత్రం అక్కడికి చేరడం లేదు.

ఇస్రో విశ్వవిద్యాలయాలకు అసలు ఏమీ ఇవ్వడం లేదని మేము అనడం లేదు. రెస్పాండ్ అనే పథకం కింద 1970ల నుంచి ప్రాజెక్టులు ఇస్తోంది. బెంగళూరు శాస్త్ర సంస్థలో, కొన్ని ఐఐటీలలో ప్రత్యేక విభాగాలు నడుపుతోంది. ఈ మధ్య ప్రాంతానికొకటి చొప్పున ఆరు ప్రాంతీయ విద్యా కేంద్రాలు పెట్టింది. జైపూర్, కురుక్షేత్ర, పాట్నా, వారణాసి, గువాహటి, సూరత్కల్. ఇది మంచి పనే. కానీ రెండు సంగతులు గమనించండి. ఈ ఆరింటిలో ఒక్కటీ వ్యవసాయ విశ్వవిద్యాలయం కాదు. ఇక రెస్పాండ్ విషయానికొస్తే, ఇస్రో కేంద్రాలు తమకు కావలసిన అంశాల జాబితా ప్రకటిస్తాయి, ఆచార్యులు దానికి దరఖాస్తు చేస్తారు. రాకెట్టుకు ఏం కావాలో రాకెట్టు కట్టేవారికి తెలుసు. వేరుశనగ కాయ ప్రశ్న ఆ జాబితాలోకి ఎవరు తెస్తారు?

2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం అంతరిక్ష స్టార్టప్ కంపెనీల్లో పెట్టుబడి పెట్టడానికి వెయ్యి కోట్ల నిధిని ఆమోదించింది. 2023లో చట్టం చేసి పెట్టిన అనుసంధాన్ జాతీయ పరిశోధనా సంస్థకు అయిదేళ్లలో 50,000 కోట్లు అన్నారు. అందులో 36,000 కోట్లు ప్రభుత్వేతర వర్గాల నుంచి రావాలట. కంపెనీ తనకు లాభం కనిపించిన చోట పెడుతుంది, అది దాని స్వభావం. మెట్ట భూమిలో కొర్ర మీద, కంది మీద లాభం ఎవరికి కనిపిస్తుంది?

మనం ఇప్పటికీ వేసే కదిరి-6 వేరుశనగ రకాన్ని గుర్తు తెచ్చుకోండి. దాన్ని కదిరిలోని ప్రభుత్వ పరిశోధనా కేంద్రం తయారుచేసింది. వేరుశనగ విత్తనం రైతు ఇంట్లోనే దాచుకోగలడు, ఏటా కొనడు. అందుకే ఆ పంట మీద ఏళ్ల తరబడి ఓపికగా పనిచేసే కంపెనీలు అరుదు. ప్రజల డబ్బుతో నడిచే కేంద్రం ఆ ఓపిక చూపింది. ఆకాశం నుంచి మన పంటను చదివే విద్యకూ ఇదే న్యాయం వర్తిస్తుంది.

అమ్మకానికి పెడితే ఏమవుతుంది

అమెరికాలో ఆ ముచ్చటా తీరింది. 1984లో అక్కడి ప్రభుత్వం ల్యాండ్‌శాట్ ఫొటోల వ్యాపారాన్ని ప్రైవేటుకు అప్పగించే చట్టం చేసింది. ఒక్క ఫొటో ధర వేల డాలర్లకు, 4,000 పైచిలుకుకు పోయింది. పంట మొదలు నుంచి చివరి దాకా పది ఫొటోలు కావాలంటే ఏ ఆచార్యుడు కొనగలడు? పరిశోధన కుంటుపడింది. చివరికి 2008లో అన్నీ ఉచితం చేశారు. ఏడాదికి వేలల్లో పోయే ఫొటోలు లక్షల్లోకి వెళ్లాయి. ప్రపంచంలో ఎక్కడి విద్యార్థి అయినా దించుకుని చదవగలిగాడు.

మన దగ్గర 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి నైసార్ ఉపగ్రహం వెళ్లింది. ఇస్రో, నాసా కలిసి కట్టినది. అది రాడారుతో చూస్తుంది కాబట్టి మబ్బులు అడ్డం కావు. ఖరీఫ్‌లో మన ఆకాశం సగం రోజులు మబ్బే కదా, మామూలు కెమెరా ఉపగ్రహాలకు అదే పెద్ద చిక్కు. నైసార్ పన్నెండు రోజులకొకసారి అదే చోటికి తిరిగి వస్తుంది, నేలలో తేమను అంచనా వేయడానికి పనికొస్తుంది. దాని సమాచారం అందరికీ ఉచితమని ప్రకటించారు. ఊడలు దిగే రోజుల్లో మా ఎర్రనేలలో తేమ ఎంత ఉందో అది చెప్పగలిగితే, ఆ మండలంలో పైన ఆకు పచ్చగా ఉన్నా కింద కాయ ఊరి ఉండదని లెక్క కట్టవచ్చు. అదే మేము అడుగుతున్న కాలమ్.

కానీ ఉపగ్రహం దానంతట అది ఆ లెక్క కట్టదు. ఎవరో ఒకరు మూడు నాలుగు ఖరీఫ్‌లు మా చేలలో తిరగాలి. ఊడ దిగిన తేదీ, తేమ, కాయల సంఖ్య రాసుకోవాలి. పైనుంచి వచ్చిన సమాచారంతో సరిపోల్చి, తప్పులు దిద్దుకోవాలి. ఇది పరిశోధక విద్యార్థి చేసే పని. ఉచితంగా వచ్చే సమాచారాన్ని చదివే మనుషులు మనకు లేకపోతే, బీమా కంపెనీ తనకు కావలసిన లెక్కను ఎక్కడైనా కొనుక్కుంటుంది. రైతు ఎక్కడ కొంటాడు?

మా ఊరి నుంచి ఒక అమ్మాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివింది. తండ్రికి నాలుగెకరాల మెట్ట. వాతావరణం మీద పరిశోధనకు చేరింది. ఫెలోషిప్ డబ్బు నెలల తరబడి రాలేదు. మొదటి ఏడాది తండ్రి అప్పు చేసి పంపాడు, రెండో ఏడాది పంపలేకపోయాడు. ఇప్పుడు ఆ అమ్మాయి ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతోంది. ఊడ అంటే ఏమిటో తెలిసిన, ఉపగ్రహం లెక్కా తెలిసిన మనిషిని మనం అలా పోగొట్టుకున్నాం. ఇలాంటి పిల్లలు ప్రతి మండలంలోనూ ఉంటారు.

పెద్దాయన ప్రశ్నకు జవాబు

ఇక మొదట అడిగిన ప్రశ్న. బోర్లలో నీళ్లు లేనప్పుడు ఆకాశానికి డబ్బెందుకు? ఈ డబ్బు వ్యవసాయ కేటాయింపుల్లో కోసి ఇమ్మని మేము అడగడం లేదు. అలా కోస్తే ముందు రోడ్డెక్కేది మనమే. రుణమాఫీకి, మద్దతు ధరకు, చెరువుల మరమ్మతుకు మన పోరాటం యథాతథంగా సాగుతుంది. చంద్రయాన్-3కి అయిన ఖర్చు సుమారు 615 కోట్లు. 2023 ఆగస్టు 23న అది దిగినప్పుడు మన ఊళ్లలోనూ చప్పట్లు కొట్టాం. గర్వపడడం తప్పు కాదు. అయితే చప్పట్లు కొట్టి ఊరుకుంటే సరిపోదు. ఆ శాస్త్రం మన పొలం దాకా దిగి రావాలని అడిగే హక్కు పన్నులు కట్టే మనకుంది. సబ్బు కొన్నా, ట్రాక్టరు టైరు కొన్నా మనమూ పన్ను కడుతున్నాం.

ఆ పెద్దాయనకు మేము చెప్పేది ఒకటే. మీ బోరు ఎండిందని నమ్మించాలన్నా, మీ మండలంలో కరువుందని రుజువు చేయాలన్నా ఇకముందు ఆకాశం నుంచి వచ్చే సాక్ష్యం కావాలి. ఆ సాక్ష్యం చదివే మనిషి మన వైపు ఒకరు ఉండాలి.

మా డిమాండ్లు

ఒకటి. స్టార్టప్ కంపెనీల నిధికి తగ్గకుండా, అయిదేళ్లలో కనీసం వెయ్యి కోట్ల ప్రజాధనాన్ని విశ్వవిద్యాలయాల అంతరిక్ష పరిశోధనకు గ్రాంటుగా ఇవ్వాలి. ఇందుకు వ్యవసాయ కేటాయింపుల్లో కోత పెట్టకూడదు.

రెండు. అందులో మూడో వంతు తక్షణ ప్రయోజనం అడగకుండా మూల శాస్త్రాలకు ఇవ్వాలి. ప్రశ్న ఏమిటన్నది విశ్వవిద్యాలయమే నిర్ణయించుకోవాలి. ఒకప్పుడు దేశానికే పేరు తెచ్చిన ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి రంగాపూర్ నక్షత్రశాల లాంటివాటికి మళ్లీ ప్రాణం పోయాలి.

మూడు. ఐఐటీలతో పాటు రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు, ముఖ్యంగా ఆచార్య ఎన్.జి. రంగా, ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు వాటా ఉండాలి. మెట్ట పంటల కోసం అనంతపురంలో ఒక విభాగం పెట్టాలి. 1974లో మొదలుపెట్టిన పనిని అక్కడే పూర్తి చేయాలి.

నాలుగు. ప్రజల డబ్బుతో వచ్చిన సమాచారం, లెక్క కట్టిన పద్ధతి రెండూ బహిరంగంగా ఉండాలి. మండల ఫలితాలు తెలుగులో, రైతు సేవా కేంద్రం గోడ మీద ఉండాలి.

అయిదు. పరిశోధక విద్యార్థులకు ఫెలోషిప్ నెలనెలా, ఉద్యోగి జీతంలా అందాలి.

ఆరు. ఉపగ్రహం లెక్క మీద రైతు అభ్యంతరం చెప్పుకునే కాలమ్ ఉండాలి. అభ్యంతరం వచ్చిన పొలాన్ని నూర్పిడికి ముందే వచ్చి చూడాలి.

మన వంతు పని కూడా ఉంది. వచ్చే ఖరీఫ్‌లో ప్రతి గ్రామ శాఖ ఒక నోటు పుస్తకం పెట్టాలి. అందులో సర్వే నంబరు, విత్తిన తేదీ, వాన పడిన ప్రతి తేదీ, పూత వచ్చిన రోజు, ఊడలు దిగిన రోజు, పీకినప్పుడు పది చెట్లకు వచ్చిన కాయలు రాయాలి. ఊరికి అయిదుగురు రైతులు రాస్తే చాలు. ఆ పుస్తకాలను జిల్లా కమిటీ ద్వారా దగ్గరలోని వ్యవసాయ కళాశాలకు అందజేస్తాం, ఒక నకలు మన దగ్గర ఉంచుకుంటాం. మళ్లీ ఆ బల్ల ముందుకు వెళ్లే రోజు వస్తే సంచిలో చెట్లతో పాటు ఆ పుస్తకమూ తీసుకెళ్దాం.